వీడియోలో మానసిక వైద్యం: సీఎస్‌ఆర్ నిధి అడగబోయే ముందు

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు పక్క రేకుల షెడ్లలో ఉండే మన బిల్డింగ్ కూలీలకు నిమ్హాన్స్ (అక్కడి పెద్ద ప్రభుత్వ మానసిక ఆసుపత్రి) మరీ దూరం కాదు. కానీ ఓపీకి వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్లో, వీడియోలో వైద్యం) మార్గదర్శకాల ప్రకారం దేశంలో రిజిస్టరైన డాక్టరు ఏ ఊళ్లో ఉన్న రోగినైనా చూడొచ్చు. కర్నూలులో ఉన్న సైకియాట్రిస్టు ఇక్కడి కూలీతో తెలుగులోనే మాట్లాడొచ్చన్నమాట. ఈ ఏర్పాటుకు డబ్బు కావాలంటే ముందు తట్టాల్సిన తలుపు కంపెనీల సీఎస్‌ఆర్, అంటే చట్టప్రకారం కంపెనీలు సామాజిక పనులకు పెట్టాల్సిన డబ్బు.

గత ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. వైద్యం ఆ జాబితాలో ఉంది. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. అందుకే షెడ్లకు దగ్గర్లో ఆఫీసు ఉన్న కంపెనీల నుంచే మొదలుపెట్టండి. మీ ట్రస్టుకో సొసైటీకో ఆదాయపన్ను శాఖలో 12ఏ, 80జీ నమోదు, కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్‌ఆర్-1 నమోదు, ఇలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం ఉండాలి. ఇవి లేకపోతే ప్రతిపాదన ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తారు. కొత్త సంస్థలైతే ఇవన్నీ ఉన్న పాత ట్రస్టుతో కలిసి అడగడం మేలు. బిల్డర్ కంపెనీని అడిగేటప్పుడు ఇంకో మెలిక ఉంది. సొంత ఉద్యోగులకు మాత్రమే చేసింది సీఎస్‌ఆర్ లెక్కలోకి రాదు. సేవ ఆ ప్రాంతంలోని కూలీలందరికీ, వాళ్ల కుటుంబాలకీ అని స్పష్టంగా రాయండి. చాలా కంపెనీలు ఏడాది ప్రణాళికను ఏప్రిల్‌కి అటూ ఇటూగా ఖరారు చేస్తాయి. జనవరికల్లా కాగితాలు వాళ్ల చేతిలో ఉంటే మంచిది.

‘ప్రభుత్వం ఫోన్లో నడిపే మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ ఉచితంగా ఉంది కదా, మీరెందుకు?’ అని తప్పకుండా అడుగుతారు. సరైన ప్రశ్నే. 2022 అక్టోబరులో మొదలైన ఆ సేవ 14416 నంబరులో 24 గంటలూ దొరుకుతుంది, తెలుగులో కూడా. మనం దానికి పోటీ కాదు. నిద్ర పట్టక, గుండె దడతో, తాగుడుతో నలుగుతున్న మనిషిని గుర్తుపట్టి డాక్టరు ముందు కూర్చోబెట్టడం, మందు చేతికందేలా చూడటం, రెండు వారాలకు మళ్లీ పిలుచుకురావడం మన పని. బడ్జెట్ కూడా అలాగే ఉండాలి. యాప్‌కీ ట్యాబ్‌లకీ సింహభాగం రాసి, షెడ్ల మధ్య తిరిగే కార్యకర్తకు అరకొర జీతం వేస్తే ఆర్నెల్లలో ట్యాబ్‌లు బీరువాలో ఉంటాయి. సగానికి పైగా మనుషుల జీతాలకే పెట్టండి. ఉన్న ఫోనూ, వాట్సాపూ చాలా పనులకు సరిపోతాయి.

అందరూ తప్పు వేసేది డాక్టరు సమయం లెక్క దగ్గరే. వారానికి ఒక పూట, మూడు గంటలు అనుకుందాం. కొత్త వ్యక్తికి 40 నిమిషాలు, పాతవాళ్లకు 12 నిమిషాల చొప్పున వేస్తే ఇద్దరు కొత్తవాళ్లు, ఎనిమిది మంది పాతవాళ్లు. అంటే నెలకు ఎనిమిది మంది కొత్తగా చేరతారు, పాతవాళ్లకు 32 ఖాళీలు ఉంటాయి. ఒక్కొక్కరినీ నెలకోసారే చూసినా నాలుగు నెలలకు అవి నిండిపోతాయి. కొందరు ఊరికి వెళ్లిపోయినా అయిదో నెల నుంచి రెండో పూటకు డబ్బు ముందే రాసుకోవాలి. లేకపోతే కొత్తవాళ్లను తిప్పి పంపాల్సి వస్తుంది.

గది ఖర్చు మర్చిపోవద్దు. రేకు గోడకు అవతల మాట వినపడుతుంది, ఆడవాళ్లయితే నోరే విప్పరు. తలుపు వేసుకునే గది, మైకున్న ఇయర్‌ఫోన్, సాయంత్రం ఆరు తర్వాత గానీ ఆదివారం గానీ సమయం ఉండాలి. కూర్చోగానే మనిషి ఉన్న చోటు, రెండో ఫోన్ నంబరు రాసుకోండి. లైను తెగితే అదే దిక్కు. మేస్త్రీ నంబరు మాత్రం అడక్కుండా రాయకండి. విషయం తెలిస్తే పని మాన్పించొచ్చు.

డిప్రెషన్‌ను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నలు వాడితే 27కు 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చినవాళ్లను డాక్టరుకు చూపండి. చనిపోవాలనే ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు ‘అసలు లేదు’ అనికాక ఇంకేం చెప్పినా, మొత్తం ఎంతైనా సరే, అదే రోజు డాక్టరుతో మాట్లాడించాలి, ఒంటరిగా వదలకూడదు. అత్యవసరంగా ఆసుపత్రికి తీసుకెళ్లే బండి ఖర్చు కూడా బడ్జెట్లో ఒక పద్దుగా ఉండాలి.

కంపెనీకి ఇచ్చే నివేదికలో అంకెలే ఉండాలి. పేర్లు, ఫొటోలు వద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చింది. ‘ఎంతమందికి చూపించాం’ కన్నా ‘ఎంతమంది మూడోసారి వచ్చారు’ అనేదే గట్టి అంకె. ఒప్పందంలోనే ఆ మాట పెట్టించండి.

డిప్రెషన్ మందులు పని చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, తగ్గాక కూడా కనీసం ఆర్నెల్లు వాడాలి. నిధి మాత్రం చాలాసార్లు ఏడాదికే వస్తుంది. పదో నెలలో చేరిన మనిషికి మందు మధ్యలో ఆగిపోతుంది. కాబట్టి రెండేళ్లకు అడగండి. ఏడాదే అంటే, చివరి మూడు నెలల్లో కొత్తవాళ్లను తీసుకోకుండా టెలి మానస్‌కి గానీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరుకు గానీ పంపండి. వాడుతున్నవాళ్లకు మందుల చీటీ నకలు, చికిత్స వివరం తెలుగులోనూ ఇంగ్లిషులోనూ చేతికివ్వండి. ఊరికి వెళ్లినా అక్కడి డాక్టరు చికిత్సను ఆగిన చోటు నుంచి అందుకుంటారు.