మినీ ట్రక్కు మీద మందు ట్యాంకు: ప్రెజర్ ఎలా నిలబెట్టానంటే

మామిడి తోటకి మందు కొట్టడానికి మినీ ట్రక్కు మీద 500 లీటర్ల ట్యాంకు, పెట్రోల్ ఇంజన్, మందుని ఎక్కువ ప్రెజర్‌తో తోసే మూడు పిస్టన్ల హెచ్‌టీపీ పంపు బిగించాను. గన్ తెరిస్తే ప్రెజర్ ముల్లు ఊగేది, మందు దగ్గుతున్నట్టు ఆగి ఆగి వచ్చేది. మెకానిక్ పంపు విప్పుదామన్నాడు. నాకేమో సక్షన్ వైపే, అంటే పంపు ట్యాంకులోంచి మందు లాక్కునే వైపే అనుమానం. ఆ గొట్టాన్ని విడిగా నీళ్ల డ్రమ్ములో పెడితే ముల్లు నిలకడగా నిలబడింది. అంటే పంపు బాగానే ఉంది! గన్‌కి పోగా మిగిలిన మందుని వెనక్కి తెచ్చే బైపాస్ పైపు ధార ట్యాంకులో పైనుంచి పడి నురగ లేపుతోంది, ఆ గాలినే పంపు లాగుతోంది. ఆ పైపుని అడుగుదాకా దించి, సక్షన్‌కి దూరంగా అవతలి మూలకి తిప్పాను. ఆ ధారకి పొడి మందు అడుగున పేరుకోకుండా కలుస్తూ ఉండటం అదనపు లాభం. సక్షన్‌కి తీగ చుట్టిన గొట్టమే వాడండి, మామూలుది లోపలికి నొక్కుకుపోతుంది. ట్యాంకు సగం ఖాళీ అయ్యాక మలుపుల్లో నీళ్లు బండిని లాగుతాయి, అప్పుడు రెండో గేరు దాటను.