లినక్స్ కంప్యూటర్ పేరు మార్చేటప్పుడు మరవకూడని రెండో ఫైలు

బెంగళూరు మారతహళ్ళిలో మేము నలుగురం కలిసి ఉంటున్న అద్దె ఇంట్లో మూడు కంప్యూటర్లకూ ‘ఉబుంటు’ అనే పేరే ఉండడం వల్ల, వైఫై రౌటర్ జాబితాలో ఏది ఎవరిదో తెలిసేది కాదు. పేరు మార్చడానికి టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే విండో) ‘సుడో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-హోస్ట్‌నేమ్’ (sudo hostnamectl set-hostname) అని టైపు చేసి, పక్కన కొత్త పేరు ఇవ్వాలి. అది ఈటీసీ (/etc) ఫోల్డరులోని హోస్ట్‌నేమ్ ఫైలులో నమోదై, రీస్టార్ట్ చేసిన తరువాత కూడా నిలిచి ఉంటుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, నేనూ మొదటిసారి ఆగిపోయాను. ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాలలో అదే ఫోల్డరులోని హోస్ట్స్ (hosts) ఫైలులో, కంప్యూటర్ తనను తానే సూచించుకునే 127.0.1.1 అనే చిరునామా ఎదుట పాత పేరు అలాగే మిగిలిపోతుంది కనుక, దానిని మనమే మార్చకపోతే, సుడో (అడ్మిన్ హక్కులతో ఆదేశం నడిపే మాట) వాడినప్పుడల్లా హోస్ట్ పేరు గుర్తించలేకపోతున్నట్లు హెచ్చరిక కనిపించవచ్చు.

పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్ మాత్రమే వాడాలి. అండర్‌స్కోర్ పనికిరాదు, నిడివి 63 అక్షరాలు దాటకూడదు. అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్ పాత పేరునే చూపుతుంది కాబట్టి దానిని మూసి తెరవాలి, రౌటర్ జాబితాలో కొత్త పేరు రావాలంటే వైఫైని ఒకసారి ఆపి మళ్ళీ కలపాలి.