మన మీద మనమే మీమ్ వేసుకునే ముందు జాగ్రత్తలు

ముందు బొమ్మ సంగతి. బ్రహ్మానందం ముఖం దేనికైనా అతుకుతుంది, అందుకే అందరూ ఆయన మీదే పడతారు. కానీ సగం జోకు ఆ ముఖమే చెప్పేస్తుంది. కింద మళ్లీ "షాకయ్యాను" అని రాయక్కర్లేదు. "ఒకటిన జీతం, మూడున నేను" చాలు.

– పది గ్రూపులు తిరిగొచ్చిన బొమ్మ మసకబారి ఉంటుంది. శుభ్రమైన కాపీ వెతకండి.

– అసలు తంటా తెలుగు అక్షరాలతోనే. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి. వరసలు దగ్గరగా ఉంటే పై వరస ఒత్తు కింది వరస గుడి మీదెక్కి కూర్చుంటుంది. ఎడం పెంచండి, అడుగున కాస్త ఖాళీ వదలండి. తెల్ల అక్షరాలకు నల్ల అంచు పెడితే ఏ బొమ్మ మీదైనా కనిపిస్తాయి.

– జీతం స్లిప్పు, మార్కుల మెమో పెడుతున్నారా? ఫోన్‌లోని మార్కర్‌తో గీసేస్తే సరిపోదు, వెలుతురు పెంచితే అంకెలు బయటపడొచ్చు. ఆ ముక్క కత్తిరించేయండి.

– ఫ్రెండు ఫొటో అయితే అడిగే వాడండి.

– జోకు నిజంగా మన మీదేనా? మన రంగు మీదో, యాస మీదో వేస్తే అదే రంగు, అదే యాస ఉన్నవాళ్లకీ తగులుతుంది. డైట్ మొదలెట్టిన రోజే బిర్యానీ లాగించడం మీద వేసుకోండి, ఎవరికీ నొప్పి ఉండదు.

– స్టేటస్ ఎవరికి కనిపిస్తుందో చూసుకోండి. 24 గంటల్లో పోతుంది సరే, స్క్రీన్‌షాట్ పోదు. జ్వరమని సెలవు పెట్టిన రోజైతే మేనేజర్‌ని తప్పించాకే.