ఐప్పసి (అక్టోబర్-నవంబర్) వానలకి ముందు ఆవులు, గుర్రాలు ఉన్నవాళ్ళు చూసుకోవాల్సినవి

చెన్నై పక్కన రెడ్ హిల్స్, పొన్నేరి వైపు మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో నాలుగైదు ఆవులు మామూలే, బీచ్‌లో సవారీకి గుర్రాలు తిప్పేవాళ్ళు కూడా నాకు కొందరు తెలుసు, వాళ్ళందరి కోసం రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, డాక్టర్ పక్కన సెలైన్ బాటిల్ పట్టుకుని నిలబడే మనిషిని, కట్లు కట్టడం, రాత్రి కాపలా కాయడం నా పని. చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే పడిపోతుంది. 2015లో చూశాం, మళ్ళీ 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫానుకీ చూశాం, రోడ్డు మీద మోకాళ్ళ లోతు నీళ్ళుంటే ఏ డాక్టరైనా ఎలా వస్తాడు? పశువుల అంబులెన్స్ నంబర్ 1962కి ఫోన్ చేసినా బండి రావడానికి దారి ఉండాలి కదా. ఆ మూడు నాలుగు గంటలు పశువు దగ్గర ఉండేది మీరే, దానికి ఇప్పుడే రెడీ అవ్వాలి.

ముందు టీకాలు. గొంతువాపు టీకా ఏడాదికోసారి, గాలికుంటుది ఆరు నెలలకోసారి. టీకా వేసిన మర్నాడే బలం రాదు, రెండు మూడు వారాలు పడుతుంది, అందుకే వాన మొదలయ్యాక పరిగెత్తితే లాభం లేదు. గుర్రానికైతే ధనుర్వాతం టీకా తప్పకూడదు, చిన్న మేకు గుచ్చుకున్నా దానికి ప్రాణం మీదకి వస్తుంది.

తర్వాత పశువు ఆసనంలో పెట్టి చూసే థర్మామీటర్ ఒకటి కొనండి, దాని చివర దారం కట్టి ఆ దారానికి బట్టల క్లిప్పు తగిలించి తోక వెంట్రుకలకి పెట్టండి, లేకపోతే లోపలికి పోతుంది లేదా పేడలో పడి పగిలిపోతుంది. పశువు బాగున్నప్పుడే వారం రోజులు చూసి గోడ మీద రాసుకోండి. ఆవుకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు, గుర్రానికి 99 నుంచి 101. ఆవుకి 102 ఉంటే హాయిగా నెమరేస్తుంటుంది, గుర్రానికి అదే 102 అంటే జ్వరం. నాడి ఆవుకి తోక కింద చూడాలి, గుర్రానికి దవడ ఎముక కింద, నిలకడగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 కొట్టుకుంటుంది. అది 60 దాటి, ముందుకాలితో నేల గీకుతూ డొక్కవైపు తిరిగి తిరిగి చూస్తుంటే కడుపునొప్పి అనుకోండి, ఆలోచించకుండా ఫోన్ చేయండి. ఫోన్లో "ఏదోలా ఉంది సార్" అనడానికీ, "పొద్దున 38 ఉన్న నాడి ఇప్పుడు 64 ఉంది, పేడ వేయలేదు" అనడానికీ చాలా తేడా.

ఇప్పుడు అసలు మాట. నోట్లో ఏమీ పోయకండి. మా మేనమామ ఆవుకి ఒక వాన రాత్రి కడుపుబ్బరం వచ్చింది, ఎడమ డొక్క డప్పులా అయింది, ఆయన ఖంగారులో తల పైకెత్తి, నాలుక బయటికి లాగి పట్టుకుని వెదురు గొట్టంతో నూనె తాపించాడు, నేను పక్కనే ఉన్నా, అప్పటికి నాకూ తెలియదు. నాలుక లాగితే అది మింగలేదు, నూనె నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోయింది, ఉబ్బరం తగ్గింది గానీ మూడోరోజుకి న్యుమోనియాతో పోయింది. గుర్రానికి ఇంకా ప్రమాదం, అది వాంతి చేసుకోలేదు, పోసింది వెనక్కి రాదు. డాక్టర్ వచ్చేలోపు మేత తీసేయండి, ఆవుని ముందుకాళ్ళు ఎత్తున ఉండేలా నిలబెట్టండి, గుర్రం పడి దొర్లుతుంటే మెల్లగా నడిపించండి, అంతే.

మేత విషయంలో నేను కొంచెం చాదస్తం. బూజు పట్టిన వరిగడ్డి, తడిసిన వేరుశెనగ చెక్క పారేయాలంటే ప్రాణం ఒప్పదు, తెలుసు, బస్తా ధర నాకూ తెలుసు. ఎండబెట్టి పెట్టినా ఆ బూజు విషం పోదు, పాలల్లోకి కూడా వస్తుంది. బస్తాలు నేల మీద కాకుండా పలకల మీద, గోడకి జానెడు దూరంగా పెట్టండి. ఇంకోటి, ఆవు దాణా మిగిలిందని గుర్రానికి పెట్టకండి, కొన్ని దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుస్తుంది, ఆవుకి పర్లేదు, గుర్రానికి గుండె ఆగిపోతుంది.

పాలు తీసిన వెంటనే ఆవు బురదలో పడుకుంటే పొదుగువాపు పిలిచినట్టే, చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట దాకా పడుతుంది, ఆ అరగంట నిలబడేలా ముందు కాస్త మేత వేయండి. కాళ్ళకి పది లీటర్ల నీళ్ళలో అరకిలో మైలుతుత్తం కలిపి తొట్టెలో నడిపించండి, దాన్ని తాగనివ్వకండి. గుర్రం గిట్టలు రోజూ ఎత్తి చూడాలి, కింద మధ్యలో త్రికోణంలా మెత్తగా ఉండేచోట నల్లగా, కుళ్ళు వాసన వస్తే కుళ్ళు మొదలైనట్టే. వానలు వెలిశాక జోరీగలు ఎక్కువవుతాయి, అవి సర్రా జబ్బు తెస్తాయి, జ్వరం వచ్చి పోయి వచ్చి పోయి గుర్రం చిక్కిపోతుంటే రక్తం టెస్ట్ చేయించండి, వేపేరిలో పశువైద్య కాలేజీ ఆస్పత్రి ఉంది కదా.

కరెంటు గురించి చాలామంది పట్టించుకోరు. తడి నేల మీద ఆవుకి ముందుకాళ్ళకీ వెనక్కాళ్ళకీ మధ్య దూరం ఎక్కువ, మనకి చిన్న జిల్లు అనిపించేది దాన్ని చంపేస్తుంది. పాకలో వైర్లన్నీ ఇప్పుడే చూపించండి. తాళ్ళకి ఒక్క లాగుతో ఊడే ముడి వేయండి, నీళ్ళు పెరిగితే కట్లు విప్పేయండి, అవి ఈదుకుంటూ పోతాయి గానీ కట్టేసి ఉంటే ఏమీ చేయలేవు.

చివరగా మీ చేతులు. చొంగ కారుస్తున్న ఆవుకి గొంతులో ఏదో ఇరుక్కుందని చెయ్యి పెట్టేస్తారు, అది పిచ్చికుక్క కరిచిన ఆవు కావచ్చు, ముందు డాక్టర్ని అడగండి. పాకలో నిలిచిన నీళ్ళలో ఎలుకల ఉచ్చ ఉంటుంది, దాన్నుంచి ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) అంటుకుంటుంది, కాలికి చిన్న గాయం ఉన్నా బూట్లు లేకుండా దిగకండి, దిగాక జ్వరం వస్తే డాక్టర్‌కి పాకలో పని చేస్తానని చెప్పండి, చెప్పకపోతే ఆయన డెంగీ టెస్ట్ రాసి పంపేస్తాడు.