నీళ్లు గడప వైపే వస్తున్నాయా? బాత్‌రూమ్ అమరికలోని లోపాలు, వాటి సవరణ

స్నానం చేశాక నీళ్లు మూలన నిలవడం, లేదా గడప దాటి గదిలోకి రావడం

గృహప్రవేశమైన వారానికే బయటపడే లోపం ఇది. నేలకు వాటం చాలకపోవడం మొదటి కారణం. బయటి పైపుకు దగ్గరని నహానీ ట్రాప్‌ను, అంటే నేల మీది నీళ్లు పైపులోకి దిగే జాలీ గుంటను, తలుపు పక్కన పెట్టి, షవర్‌ను ఎదురు గోడకు బిగించడం రెండవది. ఆరడుగుల పొడవుకు కనీసం ఒక అంగుళం వాటం ఉండాలి. ఏది కారణమో తేల్చుకోవాలంటే, నేల పూర్తిగా ఆరాక షవర్ కింద ఒక బకెట్ నీళ్లు నిదానంగా పోసి, పది నిమిషాల తర్వాత ఎక్కడ నిలిచాయో చూసి, ఆ అంచు వెంట పెన్సిలుతో గీయాలి. ఆ గీత మొదలు ట్రాప్ జాలీ వరకు ఉన్న టైల్స్ ఊడదీసి వాటం సరిచేస్తే సాధారణంగా సరిపోతుంది కనుక, నేలంతా పగలగొట్టాలని మేస్త్రి అన్న వెంటనే ఒప్పుకోనవసరం లేదు. అయితే అడుగున ఉన్న వాటర్ ప్రూఫింగ్ పొర దెబ్బతింటే మళ్లీ పూత వేయించి, జాలీ మూసి ఒక రోజంతా నీళ్లు నిలిపి, కింది అంతస్తు పైకప్పుకు చెమ్మ రాలేదని చూసుకున్నాకే టైల్స్ అతికించాలి. ట్రాప్ తలుపు పక్కనే ఉండి మార్చే వీలు లేకపోతే, గడపకు లోపలి వైపున అంగుళం ఎత్తు గ్రానైట్ పట్టీ వేయించడం చవకైన మార్గం.

కమోడ్ గోడకు ఆనకపోవడం, లేదా అసలు పట్టకపోవడం

నేలలోకి దిగే ఎస్ ట్రాప్ కమోడ్లు సాధారణంగా గోడ నుంచి పైపు మధ్యభాగానికి 9 లేదా 12 అంగుళాల దూరం కోరతాయి. ఈ దూరాన్ని టైల్స్ వేసిన గోడ నుంచి కొలవాలి. ఇటుక గోడ నుంచి కొలిచి పైపు పెడితే, ప్లాస్టరింగు, టైల్స్ కలిసి ఒకటిన్నర అంగుళం దాకా మింగేస్తాయి. కొద్దిపాటి తేడాను ఆఫ్‌సెట్ కనెక్టరు, అంటే కమోడ్‌ను పక్కకు జరిగి ఉన్న పైపుకు కలిపే ముక్క, సర్దుతుంది. అంతకు మించితే ఉన్న దూరానికి తగిన కమోడ్‌నే మార్చుకోవడం మేలు.

పై అంతస్తులో షవర్ ధార సన్నగా రావడం

ట్యాంకు నీటిమట్టం షవర్ కంటే ఎంత ఎత్తున ఉంటే అంత ఒత్తిడి. పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం). డాబా మీది ట్యాంకు నుంచి దాని కిందనే ఉన్న అంతస్తుకు రెండు మూడు మీటర్ల ఎత్తే దొరుకుతుంది కాబట్టి, వెడల్పాటి రెయిన్ షవర్ అక్కడ అందానికే తప్ప స్నానానికి పనికిరాదు. చిన్న హ్యాండ్ షవర్ పెట్టుకోవడం, ఆ బాత్‌రూమ్‌కు విడిగా ఒక అంగుళం పైపు దింపడం, అదీ చాలకపోతే ప్రెజర్ పంపు బిగించడం, ఈ వరుసలో ప్రయత్నించాలి.

వాడని బాత్‌రూమ్ నుంచి దుర్వాసన

ట్రాప్‌లో నిలిచి వాయువును అడ్డుకోవాల్సిన రెండంగుళాల నీరు ఆరిపోయి ఉంటుంది. వారానికొకసారి ఒక మగ్గు నీళ్లు పోస్తే చాలు.

తలుపు కమోడ్‌కు తగలడం

తలుపును బయటికి తెరుచుకునేలా తిప్పించాలి. పెద్దవాళ్లున్న ఇంట్లో, లోపల జారిపడిన మనిషి తలుపుకు అడ్డంగా ఉన్నా బయటి నుంచి తెరవగలుగుతారు.