వైజాగ్ వచ్చిన క్విల్టర్లకు: ముందు ఆ డబ్బాల మూతలు తీయండి

పోయిన వారం మా పై ఫ్లోర్ అమ్మాయి "అక్కా, ఒక్కసారి పైకి రండి, గుడ్డంతా పాడైపోయింది" అంటూ పరిగెత్తుకొచ్చింది. వాళ్ళు మేలో అమెరికాలోని ఎడారి ఊరు ఫీనిక్స్ నుంచి వచ్చారు. పదేళ్ళుగా ఒక్కో మీటరూ ఏరుకుని పోగేసుకున్న క్విల్టింగ్ కాటన్ (ముక్కలు కలిపి పొరలుగా బొంతలు కుట్టే నూలు గుడ్డ) అంతా ప్లాస్టిక్ డబ్బాల్లో సర్ది, మూతలు బిగించి, అటక మీదకి ఎక్కించారు. అక్టోబరులో మూత తీస్తే ముక్కిపోయిన బియ్యం వాసన. తెల్ల గుడ్డ మడత విప్పి చూపించింది, మడత గీత వెంబడే ఆవగింజల్లా నల్లచుక్కలు, ఒకదాని పక్కన ఒకటి. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే నాకు జాలీ వేసింది, కోపం కూడా వచ్చింది. మేలోనే లిఫ్ట్ దగ్గర చెప్పాను, ఇక్కడ మూతలు బిగించొద్దమ్మా అని. లిఫ్ట్ దగ్గర చెప్పిన మాట ఎంతసేపు గుర్తుంటుందిలే, అందుకే ఈసారి కూర్చుని మొత్తం రాస్తున్నాను.

బయటి దేశాల్లో క్విల్టింగ్ నేర్చుకుని ఇక్కడికి వచ్చేవాళ్ళకి స్కూళ్ళ గురించి, గ్యాస్ కనెక్షన్ గురించి, ఆధార్ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. గుడ్డ గురించి ఎవరూ చెప్పరు. మనకి ఇది సొంత ఊరే కావచ్చు, ఎడారి గాలిలో పదేళ్ళున్న గుడ్డకి మాత్రం పరాయి దేశమే. కుట్టడం మీకు వచ్చు, పావంగుళం కుట్టు గురించీ కత్తిరింపుల గురించీ నేను చెప్పక్కర్లేదు. నాకు తెలిసింది చెమ్మ గురించి. అది కూడా డబ్బులు పోసి కొనుక్కున్న తెలివే.

మేం 2017 జులైలో అమెరికాలోని మినియాపొలిస్ నుంచి వచ్చాం. పెదవాల్తేరులో రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాటు, అందులో అత్తగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. నా గుడ్డకి మిగిలింది ఇనప బీరువాలో రెండు అరలు, దివాన్ మంచం కింద పెట్టె. గాలి లాగేసి పలకలా చేసే వాక్యూమ్ సంచుల్లో తెచ్చాను కాబట్టి అన్నీ పట్టేశాయి, ఎంత సంతోషపడ్డానో. అమ్మ పాత చీరల ముక్కలతో సగం కుట్టిన క్విల్ట్ పైపొర ఒకటి ఉంటే, దసరాకి పూర్తి చేద్దామని గుండుసూదులతో సహా మడిచి మంచం పెట్టెలో పెట్టేశాను. దసరాకి తీసి చూస్తే ప్రతి సూది చుట్టూ పెసరగింజంత తుప్పు మరక. ఒక సూది లాగితే రాలేదు, గుడ్డకి అతుక్కుపోయింది. ఇంకాస్త గట్టిగా లాగితే నేతలో దారం తెగి చిల్లు పడింది. అది అమ్మ గంధం రంగు వెంకటగిరి చీర. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టాను, మరక పూర్తిగా పోలేదు, గంధం రంగు మాత్రం ఆ చోట వెలిసిపోయింది. ఆ రోజు నుంచి పని ఒక్క రాత్రికి ఆపినా సరే, సూదులన్నీ తీశాకే మడత పెడతాను. సూదుల డబ్బాలో మిషన్ ఆయిల్ రెండు చుక్కలు వేసిన ఫ్లానెల్ ముక్క ఒకటి పెట్టి ఉంచుతాను, వాడే ముందు సూదిని ఒకసారి తుడుస్తాను. మీరూ ఈ రోజే అలా చేయండి, రేపు చేద్దాం అనుకోకండి.

అసలు విషయం ఇది. పత్తి ఊరికే ఉండదు, గాలిలోని నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ 65 శాతం ఉంటే చాలు, ఎండు బరువులో ఏడెనిమిది శాతం నీళ్ళు పత్తి లోపలే ఉంటాయి. అంటే మీ పది కిలోల గుడ్డలో దగ్గర దగ్గర ముప్పావు లీటరు నీళ్ళున్నట్టు. చేత్తో ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది. మీరు వానాకాలంలో దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆ నీళ్ళని కూడా లోపల పెట్టి బిగించినట్టే. పగలు శ్లాబు కాగి అటక వేడెక్కుతుంది, గుడ్డలోని తేమ పైకి లేస్తుంది, రాత్రి చల్లబడగానే మూత లోపలి వైపు చేరి మళ్ళీ పైమడత మీదే దిగుతుంది. బూజుకి ఇంతకంటే ఏం కావాలి? గాలి చొరబడని డబ్బా మంచిదనే మాట పొడి ఊళ్ళలో నిజం, ఇక్కడ కాదు. వాక్యూమ్ సంచి కూడా అంతే. దయచేసి, ఇది చదవగానే లేచి వెళ్ళి మూతలు తీసి రండి, మిగతాది తరవాత చదవచ్చు.

చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి కొనండి, కొన్ని వందల్లోనే దొరుకుతుంది. మా ఇంట్లో ఆగస్టులో అది 80 శాతం దాటుతుంది. 60 లోపు ఉంటే బూజు పట్టదనే ధీమాతో ఉండొచ్చు, 70 దాటి రోజుల తరబడి అలాగే ఉంటే మాత్రం గుడ్డ తీసి చూసుకోవాల్సిందే. ఏసీలో డ్రై మోడ్ ఉంటుంది చూడండి, గంటసేపు వేస్తే మా గదిలో మీటరు 60కి దిగుతుంది. అందుకే ఇరుకైనా సరే గుడ్డని రాత్రుళ్ళు ఏసీ వేసుకునే గదిలోనే ఉంచండి. అటక వద్దు, మంచం పెట్టె వద్దు, బాత్‌రూమ్ గోడ పక్క అసలే వద్దు. బీరువా బయటి గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ళు సందు వదలండి, కింది అరలో గుడ్డ పెట్టకండి. కిటికీ కింద కూడా పెట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్లో కిటికీ రెక్కల సందుల్లోంచే నీళ్ళు లోపలికి కొట్టాయట, ఆ తరవాత రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు ఏసీ మీద పెట్టుకున్న ఆశ కూడా పోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను కబురు వినగానే నేను గుడ్డంతా మూట కట్టి బీరువా పై అరలోకి ఎత్తేస్తాను.

మూట అంటున్నాను, గమనించండి. మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో చీరలు పాత పంచెలో కట్టి పెట్టేది. నేను ఇన్నేళ్ళూ డబ్బాలు, సంచులు, జిప్ కవర్లు అన్నీ తిరిగి చివరికి ఆ పంచె దగ్గరికే వచ్చాను. నూలు పంచె వెలుతురు ఆపుతుంది, దుమ్ము ఆపుతుంది, గాలి ఆడనిస్తుంది. రంగుల వారీగా పాత దిండు గలీబుల్లో పెట్టుకున్నా బాగుంటుంది, బుట్టలా పైకి తెరిచి ఉంచితే ఏం ఉందో కనిపిస్తుంది. అట్టముక్కలకి చుట్టకండి, అట్ట చెమ్మ తాగి గుడ్డకి ఇస్తుంది. గంజి పెట్టిన గుడ్డ నిలవ చేయకండి, వెండి రంగులో సర్రున జారిపోయే ఆ పురుగుకి గంజంటే ప్రాణం. గంజి కావాలంటే కత్తిరించే రోజు పెట్టుకోండి.

ఇంకొకటి, ఉతికి ఆరేశాక వెంటనే లోపల పెట్టేయకండి. మడతని చెంపకి ఆనించి చూడండి. కాస్త చల్లగా తగిలిందంటే ఇంకా నీరు ఉన్నట్టే, చేతికి తెలియదు కానీ చెంపకి తెలుస్తుంది. ఇస్త్రీ చేసి, వేడి పూర్తిగా తగ్గేదాకా కుర్చీ వీపు మీద వేసి, అప్పుడు మడవండి. నెలకోసారి మడతలు మార్చాలి. నేను పౌర్ణమికి చేస్తాను, క్యాలెండర్ చూడకుండానే గుర్తుంటుంది.

చోటు తక్కువని బాధపడకండి, తక్కువ ఉంటేనే అన్నిటినీ నెలకోసారి చేత్తో తాకగలుగుతారు. నా లెక్క రెండు అరలు, అంతే. కొత్తది రావాలంటే పాతది కుట్టు కిందకి వెళ్ళాలి. ఇక్కడ ఫ్యాట్ క్వార్టర్ (పావు గజాన్ని సన్నపట్టీలా కాకుండా దాదాపు చతురస్రంగా కోసిన ముక్క) అని అడిగితే ఎవరికీ అర్థం కాదు, మీటరు లెక్కనే కొలుస్తారు, పావు మీటరు అడిగితే పొడుగ్గా సన్నపట్టీ కోసి ఇస్తారు. జగదాంబ దగ్గరో వన్‌టౌన్‌లోనో కట్ పీసులు ఉన్నాయా అని అడగండి, మనకి కావలసింది అదే. మీ వీధి టైలర్‌తో కాస్త పరిచయం పెంచుకోండి, జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు పక్కన పెట్టి ఉంచుతారు. పేరంటాలకి వెళ్తే తాంబూలంలో జాకెట్టు ముక్క ఎలాగూ వస్తుంది. వాటిలో టూబైటూ కాటన్ ఏదో, పాలియెస్టర్ కలిసింది ఏదో తెలియకపోతే రెండు దారాలు లాగి సింక్ దగ్గర కాల్చి చూడండి. పత్తి కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

పెడన కలంకారీ, మంగళగిరి, పొందూరు ఖద్దరు, ఇవన్నీ చూస్తే ఆగలేరు, నేనూ ఆగలేను. కొన్న రోజే ఉతకండి. ముఖ్యంగా ఎరుపు, నీలం. మామూలు నీళ్ళలో విడిగా నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చండి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని అందరూ అంటారు, నేను నమ్మి వేసినప్పుడు కూడా పక్కనున్న తెల్లముక్క గులాబీ రంగుకి వచ్చింది. ఉతకని గుడ్డ అరలోకి పోకూడదు, మా ఇంట్లో ఇది నియమం.

క్విల్ట్ వెనక పొరకి గుడ్డ కొననే కొనకండి. నేత చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది. రెండున్నర మీటర్ల చొప్పున రెండు ముక్కలు కోసి పక్కపక్కన కలిపితే సింగిల్ మంచం క్విల్ట్‌కి వెనక పొర వచ్చేస్తుంది, పన్నాలో ఇంకా మిగులుతుంది. మిగిలిన అరమీటరులో అడ్డంగా రెండుంపావు అంగుళాల పట్టీలు ఎనిమిది వస్తాయి. అరవై అంగుళాల వెడల్పు, తొంభై అంగుళాల పొడవున్న క్విల్ట్‌కి చుట్టూ అంచు వేయడానికి అవి సరిపోతాయి. మొదటిసారి ఈ లెక్క కుదిరినప్పుడు నేను చీర పరిచి మూడుసార్లు కొలిచాను.

రెండు పొరల మధ్యలో మందపాటి బ్యాటింగ్ (దూది పరుపులాంటి పొర) వేయకండి. ఉతికితే వానాకాలంలో రెండు రోజులైనా ఆరదు, ఆ రెండు రోజుల్లోనే వాసన పట్టుకుంటుంది. పాత నూలు దుప్పటి ఒకటి వేస్తే చాలు. మన బొంతల్లో దూది ఎక్కడుంది, పాత చీరల పొరలే కదా. డిసెంబరులో అరకు వెళ్ళినప్పుడు మా పిల్లలు అలాంటిదే కప్పుకుని హాయిగా పడుకున్నారు.

అమెరికా కుట్టు మిషన్ గురించి ఒక్క ముక్క. అది 110, 120 వోల్టులది, ఇక్కడ ప్లగ్గులో వచ్చేది 230. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాని బదులు ఇక్కడి నల్ల మిషన్ ఒకటి కొనుక్కోవడం మేలు, తిన్నటి కుట్టు చక్కగా పడుతుంది. కటింగ్ మ్యాట్ (గుడ్డ కోసేటప్పుడు కింద వేసుకునే పలక) బాల్కనీలో వదలకండి, ఎండకి వంకర పోయిందంటే మళ్ళీ తిన్నగా కాదు.

ఇక మా పై ఫ్లోర్ అమ్మాయి సంగతి. మూడు డబ్బాల గుడ్డ ఇద్దరం కూర్చుని ఏరాం, ముక్కుకి గుడ్డ కట్టుకుని, బాల్కనీలోనే, ఇంట్లో దులపలేదు. నల్లచుక్కలు పడ్డవి ఎన్నో తెలుసా, పదకొండు ముక్కలు. మిగతావన్నీ వాసనే, మరక లేదు. వేడినీళ్ళలో రెండుసార్లు ఉతికాం, రెండు రోజులు టెర్రస్ మీద తిరగేసి ఆరేశాం, వాసన పోయింది. చుక్కలు కొన్ని లేతబడ్డాయి, కొన్ని పోలేదు, వాటిని చిన్న చతురస్రాలుగా కోసి చుక్కలున్న చోటు తీసేశాం. అంటే ఆమె అంతగా ఏడవక్కర్లేదు. మీకూ ఇలా జరిగి ఉంటే పారేయకండి, చాలామటుకు దక్కుతుంది, ఈ మాట నాకు 2017లో ఎవరైనా చెప్పుంటే రెండు సంచులు చెత్తబండికి ఇచ్చి ఉండేదాన్ని కాదు.

సంక్రాంతి వెళ్ళాక వచ్చే ఎండల్లో ఏడాదికోసారి మొత్తం గుడ్డ బయటికి తీసి ఆరేయండి, పైన ఒక పాత దుప్పటి కప్పితే రంగు వెలవదు. సాయంత్రం నాలుగు కొట్టేలోపు దించేయండి, ఆ తరవాత గాలి మళ్ళీ చెమ్మ పడుతుంది. మా టెర్రస్ తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, ముందురోజే అడిగి పెట్టుకోవాలి.