స్కేల్ మోడల్‌పై వార్నిష్, వెదరింగ్ (వాడి పాతబడినట్టు కనిపించేలా చేయడం): సమస్యలు, పరిష్కారాలు

మ్యాట్ వార్నిష్ ఆరాక తెల్లటి మసక

ముదురు ఆకుపచ్చ యుద్ధ ట్యాంకు మోడల్ బూడిద చల్లినట్టు తయారవుతుంది. కంగారుపడి గీకకండి. చాలాసార్లు కింది రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది. మ్యాట్ వార్నిష్‌లో మెరుపును తగ్గించేది సాధారణంగా సిలికా పొడి. అది అడుగున పేరుకుంటుంది కాబట్టి, సరిగా కలపకపోయినా, పూత మందమైనా తెల్లగా తేలుతుంది. స్ప్రే డబ్బా వాడితే గాలిలోని తేమ మరో కారణం. ద్రావకం ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది, దానిపై తేమ చేరి మసక కడుతుంది.

పూర్తిగా ఆరాక గ్లాసీ వార్నిష్ పలుచగా ఒక పూత వేయండి. గరుకుతనం పూడిపోయి కాంతి చెదరడం తగ్గుతుంది, అడుగు రంగు మళ్లీ పైకి వస్తుంది. ఆ తర్వాత ముసురు లేని రోజు చూసి, డబ్బాను కనీసం రెండు నిమిషాలు బాగా ఊపి, 20 సెంటీమీటర్ల దూరం నుంచి పలుచటి పూతలుగా మ్యాట్ వేయాలి. ముందు పనికిరాని ప్లాస్టిక్ ముక్క మీద పరీక్షించడం తప్పనిసరి అనే నేనంటాను.

డెకాల్ చుట్టూ వెండిలాంటి మెరుపు

డెకాల్‌ను, అంటే మోడల్‌పై అంటించే గుర్తుల పలుచటి పొరను, గరుకు ఉపరితలం మీద అతికించడంతో కింద గాలి చిక్కుకుంది. సన్నని సూదితో అక్కడక్కడ గుచ్చి, డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం ఒక చుక్క వదలండి. డెకాల్ ముడతలు పడుతుంది, అప్పుడు వేలు పెట్టవద్దు. ఆరుతూ అదే సర్దుకుంటుంది. ఈసారి డెకాల్‌కు ముందే గ్లాసీ పూత వేసుకోండి.

వాష్ మరకలుగా పాకింది

వాష్ అంటే సందుల్లోకి పాకేలా బాగా పలుచన చేసిన రంగు. మ్యాట్ పూత దాన్ని పీల్చుకుంటుంది. ఎనామెల్ (నూనె తరహా రంగు) వాష్ అయితే, దాన్ని కరిగించే వైట్ స్పిరిట్ ద్రావకంలో ముంచి గుడ్డకు అద్దిన బ్రష్‌తో, వాన నీరు కారే దిశలోనే, పైనుంచి కిందికి లాగండి. బ్రష్‌తో పాటు అసలు రంగే ఊడి వస్తుంటే వెంటనే ఆపేయండి: ఎనామెల్ రంగు మీద నేరుగా ఎనామెల్ వాష్ పడిందన్నమాట. మధ్యలో ఆక్రిలిక్ వార్నిష్ పూత అడ్డుగా ఉండాలి, అదీ ఒక రోజు ఆరాక. వైట్ స్పిరిట్ మడుగు కట్టేలా పోస్తే అతుకుల దగ్గర ప్లాస్టిక్ పగిలే ప్రమాదమూ ఉంది.

పూత జిగటగా ఉంది లేదా బీటలు వారింది

కింది పూత ఆరకముందే పైది పడింది. జిగటకు ఓపిక పట్టడమే మందు. బీటలకు మాత్రం నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది, మళ్లీ రంగు వేయక తప్పదు.

దుమ్ము పొడి మాయమైంది

దుమ్ములా కనిపించడానికి అద్దే పిగ్మెంట్ (రంగు) పొడి మీద వార్నిష్ కొడితే సగం ఎగిరిపోతుంది, మిగిలింది తడిసి నల్లబడుతుంది. అందుకే మ్యాట్ పూత ముందు, పొడి చివర. పొడి నిలవాలంటే పిగ్మెంట్ ఫిక్సర్‌ను (పొడిని పట్టి ఉంచే ద్రవం) బ్రష్ కొనతో అంచున తాకించండి, అది తనంతట తానే లోపలికి పాకుతుంది.